బావ సైకిలుకు తెలిసిన దారి

గూడూరు,
శివరాత్రి వెళ్ళిన వారం, 1981.

చెల్లె రాజమణికి అన్న కొండల్ రాసేది.

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. చెప్పడానికి ఇంకా ఏమీ జరగలేదు, ఏమీ జరగని సంగతికి ఒక ఇన్‌లాండు కవరు దండగ అనిపించింది. కాని ఇక్కడి పోస్టాఫీసు అరుగు మీద నీడ బాగుంది. ఎండ దిగేదాకా ఎట్లాగూ కూర్చోవాలి, ఊరికే కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు.

మానుకోట నుంచి గూడూరు ఎంత దూరమని నవ్వకు. బస్సు గంటలో తెస్తుంది, బావ సైకిలు మీద నాకు రెండు రోజులు పట్టింది. ఒకటి, నా మోకాళ్ళు. రెండు, దారిలో మనుషులు. పలకరిస్తే ఆగకుండా ఎట్లా పోతాం?

నువ్వు నాకు అప్పగించిన పనిని ఒకసారి ఇక్కడ రాసుకుంటాను, మాటల్లో పడి మరచిపోతానని నీకెంత భయమో నాకూ అంతే. జగపతి బావ సమితి ఆఫీసులో హెడ్ క్లర్కు. ఇంట్లో ఉప్పు కావాలన్నా చేత్తో చూపించే మనిషి. అటువంటివాడు అరవై తొమ్మిదిలో, తెలంగాణ లొల్లికి ఆఫీసులు బందయినప్పుడు, ఇంట్లో పొద్దుపోక ఈ సైకిలెక్కి అడవి చూసి వస్తానని పోయాడు. అప్పటి నుంచి ఏటా శివరాత్రి వెళ్ళగానే సెలవు పెట్టి పోవడమే. ఎక్కడికంటే 'అటు' అనేవాడు. పోయిన దసరా ముందు ఆయన కాలం చేశాక, మొలతాడుకున్న తాళంచెవితో నువ్వు ఆయన సైకిలు వెనక కట్టుకుపోయే రేకు పెట్టె తెరిచావు. అందులో ఒక పట్టుచీర, డజనున్నర గాజులు. దశదినం నాడు నీ ఈడు ఆడమనిషి ఎవరో వచ్చి, వాకిట్లో కూర్చొని ఏడ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచిపోయింది. అప్పటి నుంచి బావ ఫొటో బీరువా మీద బోర్లా పడి ఉంది. ఆమె ఎవరో తెలిసేదాకా దానికి దండ వేయనన్నావు. ఇంతే కదా?

ముప్పై ఏళ్ళు జనగామ స్టేషన్ రోడ్డులో కిరాయి సైకిళ్ళ దుకాణం నడిపాను. ఊరందరినీ ఎక్కడెక్కడికో పంపించాను గాని, నేను మాత్రం చిల్పూరు గుట్ట దాటలేదు. అక్కడికైనా బుగులు వెంకటేశ్వరునికి అమ్మ మొక్కుకుంటే పోయాను. సైకిలు తిరిగొచ్చాక టైరుకు అంటిన మట్టి చూసి 'ఎటు పోయొచ్చినవ్' అని అడగడం, వాళ్ళు చెప్పే అబద్ధాలు వినడం, అదే నా దేశాటన. చదువు కూడా అటువంటిదే. బడికి పోయింది తక్కువ, సామాను చుట్టి వచ్చిన పేపర్లు చదివింది ఎక్కువ. అందుకే నాకు చాలా కథల మొదళ్ళు తెలుసు, చివరలు తెలియవు. కాగితం చిరిగిన దగ్గర ఆగిపోతాయి. బావ కథ కూడా అట్లాగే ఆగింది గనుక ఈ వయసులో తొక్కుతున్నాను.

ఇక జరిగిన ఒక్క సంగతి. తండా దగ్గర మూల మలుపులో గంట కొట్టాను. ఈ గంట నీకు తెలుసు కదా, రెండు గిన్నెలది, ఒకటి మోగి ఆగాక ఇంకొకటి మోగుతుంది. మిరపచేలో నుంచి తలపాగా మనిషి ఒకాయన పరుగున వచ్చి, సగంలో ఆగిపోయాడు. పేరు పూల్‌సింగ్.

"సైకిలు పటేలుది. నువ్వెవరు?"

"పటేలు బామ్మర్దిని."

"పటేలు రాలే?"

"పటేలు పోయిండు."

హ్యాండిలు పట్టుకున్నాడు. మేకపిల్ల వీపు నిమిరినట్టు సీటు నిమిరాడు. తరువాత ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టించాడు. ఆ రొట్టె గురించి చెప్పాలి. పెనం మీద నుంచి తీసి నేరుగా నిప్పుల మీద వేస్తారు, పొంగి మళ్ళీ కూర్చుంటుంది, ఆ కూర్చున్న దగ్గర పగలగొట్టి కారం అద్దుకోవాలి. రెండో రొట్టె మీద మెల్లగా అడిగాను.

"ఇక్కడికెంచి బావ ఎటు పోయేటోడు?"

"ముంగటికి."

"ముంగటికంటే?"

"ముంగటికంటే ముంగటికే. ఎనుకకైతే పోడు గద."

పొయ్యి దగ్గర ఆయన భార్య నవ్వు ఆపుకుంటూ మొహం తిప్పుకుంది. తెలిసినవాళ్ళు నవ్వే నవ్వు అది.

జవాబు ములుగు పోస్టుమాస్టరు కేరాఫ్ రాయి.

కొండల్

*

మానుకోట.

అన్నకు రాజమణి నమస్కారం.

ఉత్తరం ముట్టింది. అందుల సగం రొట్టెనే ఉన్నది. నువ్వు పేపరు భాషల రాస్తవు, నాకు ఆ చదువు లేదు, నోట్లె మాట నోట్లె ఉన్నట్టే రాస్త.

నేనడిగింది ఒక్కటే. ఉన్నదా, లేదా. ఉంటే పేరేంది, పిల్లలున్నరా. నేను పోయి జుట్టు పట్టుకుంట అనుకోకు. ఆ వయసు పోయింది. పిల్లలుంటే వాళ్ళకు భూమిల ఎంత రావాలెనో అంత ఇయ్యాలె, మన అరుణకు కూడ చెప్పిన. బిడ్డ "ముందుగాల తెలవనియ్యమ్మా" అన్నది.

నీకు చెప్పని సంగతి ఒకటున్నది. పోయినప్పుడల్ల మీసం లేకుంట వచ్చేటోడు. ఏందిది అంటే మొక్కు అనేటోడు. తలనీలాల మొక్కు విన్న గని మీసం మొక్కు ఏ దేవునికుంటదన్నా? మీసం కిట్టని మనిషెవరో ఉన్నదని అప్పుడే అనుకున్న. వచ్చిన నెల రోజులు ముఖం తేటగుండేది. ఆఫీసుకు పోంగ సుత ఏదో కూనిరాగం తీసేటోడు. మీసం మొలిచిందంటే మల్ల హెడ్ క్లర్కే.

నిన్న పెట్టె మల్ల తెరిచిన. చీర ఆకుపచ్చది, ఎర్రంచు, కర్పూరం వాసన. గాజులు నా చేతికి పెట్టుకొని చూసిన. రెండు చేతులు ఒక్క గాజుల పోతున్నయి. బాగ బలమైన మనిషే ఉన్నట్టున్నది. ఇంట్ల నన్ను పొట్టిదానవు అని ఎన్నడన్న అనలేదు గని మనసుల ఉన్నదేమో.

పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె ఈ వారం మా వాడకట్టుకు వస్తది. పట్టుచీరకైతే పెద్ద బేసిన్ ఇస్త అన్నది. ఆలోచిస్తున్న.

రాజమణి

*

చెల్పూరు.

చెల్లె రాజమణికి,

నీ ఉత్తరం ములుగులో దొరికింది. మీసం సంగతి నువ్వు రాసింది చదివి జేబులో పెట్టుకున్నాను. తెలిసి కూడా దెబ్బతిన్నాను. అది చివర చెబుతాను, వరసగా రానీ.

నర్సంపేట దాటినాక అడవి మొదలైంది. అడవంటే నేను చెట్లు అనుకున్నాను. కాదు, చప్పుడు. టేకాకులు ఈ నెలలో రాలతాయి, ఒక్కొక్కటి విస్తరంత ఉంటుంది, టైరు కింద పడితే అప్పడాలు విరిగినట్టే. మోదుగులు ఆకు లేకుండా పూసి నిలబడ్డాయి. దారి పైకి ఎక్కేటప్పుడు దిగి తోసుకుంటూ నడవాలి, అప్పుడు అన్నీ కనిపిస్తాయి. దిగేటప్పుడు బ్రేకు తప్ప ఏమీ కనిపించదు. మనిషికి ఎక్కుడే మంచిదని నాకు మొదటిసారి తెలిసింది. ఒక ఎక్కుడులో కొండముచ్చులు రోడ్డుకు రెండు వైపులా కూర్చొని, పెళ్ళివారు బాజావాణ్ణి చూసినట్టు నన్ను చూశాయి.

అడవి శాఖ చెక్‌పోస్టు దగ్గర కట్టె అడ్డంగా వేసి ఉంది. ఆ జవాను గుడిసెలో పడుకొని ఉన్నాడు. గంట కొట్టాను. లేవకుండానే తాడు లాగాడు, కట్టె లేచింది. మనిషిని చూడనే లేదు. కొంతదూరం పోయి వెనక్కి తిరిగితే అప్పుడు లేచి నిలబడి నన్ను చూస్తున్నాడు.

ములుగు బస్టాండు ముందు ఒక హోటలు. సైకిలు ఆనించి చాయ చెప్పాను. చాయ రాలేదు. మిరియాలు, పటికబెల్లం వేసి మరిగించిన నీళ్ళు వచ్చాయి.

"నేను చాయ చెప్పిన గద?"

"సైకిలు జూసి ఇచ్చిన. గా పటేలు ఈడికెంచి ముంగటికి చాయ ముట్టడు, గిదే తాగుతడు. గొంతు పోతదంటడు."

బావకు దగ్గు ఉండేదా? నాకు తెలియదు. నువ్వు రాయి.

ఇప్పుడు నా మీసం సంగతి. చెల్పూరులో అంగడి రోజు. వేపచెట్టు కింద కట్టయ్య అనే మంగలి గడ్డాలు గీస్తున్నాడు. సైకిలు చెట్టుకు ఆనించి కూర్చున్నాను. తొక్కిన అలసట, చన్నీళ్ళు, మెత్తని చెయ్యి, కునుకు పట్టింది. లేచి అద్దంలో చూసుకుంటే మీసం సగం లేదు.

"ఏం జేసినవయ్యా?"

"గీ సైకిలు మీద వచ్చినాయనకు మీసం తీసుడే గద. పదేండ్లాయె తీయవట్టి."

"మనిషిని చూడవా?"

"సబ్బు పెట్టినంక అందరు ఒక్కతీరుగనే ఉంటరు, పటేలా."

మిగిలిన సగం కూడా తీయమన్నాను, ఇంకేం చేస్తాను? తీస్తూ ఉండగా అడిగాను, ఎందుకు తీయించేవాడని. కట్టయ్య కత్తి తోలుపట్టీకి రాస్తూ అటుపక్క మనిషిని చూశాడు. అటుపక్క మనిషి గుట్టల దిక్కు చూశాడు. "మంచోడు పటేలు" అన్నాడు కట్టయ్య. నేను అడిగిన ప్రతివాడూ ఇదే మాట అంటాడు, అని ఇంకో దిక్కు చూస్తాడు. ఇంతమంది కలిసి ఒక్క ఆడమనిషిని దాచగలరా? ఒక్కరికైనా నోరు జారదా? మన జనగామలో అయితే రాయిలో కూడా దాగదు.

దాచుడు చూస్తే నీ అనుమానమే నిజమనిపిస్తుంది, నవ్వులు చూస్తే కాదనిపిస్తుంది. ఊరి పేరు మాత్రం తెలిసింది. భూపాలపల్లి దాటి గుట్టల లోపల, బూరుగులవాగు. రేపు భూపాలపల్లి చేరి, నీ జవాబు వచ్చినాక పోతాను.

జవాబు భూపాలపల్లికి రాయి. చీర సంగతి తొందరపడకు.

కొండల్

*

మానుకోట.

అన్నకు,

ఆయనకు దగ్గు లేదు. నాకు తెలిసి ఎన్నడు గొంతు కూడ బొంగురుపోలే.

నువ్వు తిరిగి రా. ఇగ చాలు. ఊరి పేరు నువ్వు రాసినంక రాత్రంత అది నోట్లె మెదిలింది. ఇన్ని దినాలు ఎవరో, ఎక్కడనో. ఇప్పుడు ఊరున్నది, ఊర్ల ఇల్లుంటది, ఇంటి ముంగట ముగ్గుంటది. నేను ఇవన్ని చూసుకుంట కూసోలేను. నువ్వు పోయి చూసినా నాకు చెప్పకు.

ఒక్కటి రాస్త, ఎవరికి చెప్పలే. పొద్దుగాల నేను చీర కట్టుకుంటుంటే తలుపు కాడ నిలవడి చూసేటోడు. ఈ వయసుల. కుచ్చిళ్ళు పోస్తుంటె మరింత చూసేటోడు. ఒకసారి "మల్ల విప్పి పొయ్యి" అన్నడు. నేను సిగ్గువడి కొట్టవోయిన. మాట పలుకు లేకున్నా ప్రేమ ఉన్నదని మురిసిన. ఇప్పుడు అనిపిస్తున్నది, నన్ను చూసుకుంట ఎవరిని తలుసుకున్నడో అని.

స్టీలు సామాన్ల ఆమె వచ్చింది.

రాజమణి

*

బూరుగులవాగు,
భూపాలపల్లి పోస్టు.

రాజమణీ,

చెప్పవద్దన్నావు. నీ ఉత్తరం భూపాలపల్లిలో చదివాను. చదివి కూడా పోయాను, పోయి వచ్చి కూడా చెబుతున్నాను. తిట్టాలనుకుంటే ఇది పూర్తిగా చదివినాక తిట్టు.

రోడ్డు విడిచి బండ్లబాట. గులకరాళ్ళ మీద సైకిలు నన్ను మోసింది తక్కువ, నేను దాన్ని మోసింది ఎక్కువ. రెండు గుట్టల నడుమ సందు ఎక్కి నిలబడితే కింద లోయ. లోయ అనే మాట చదవడమే గాని చూడలేదు. అది చాటలాగా ఉంటుంది. మూడు దిక్కులా గుట్టలు లేచి ఉన్నాయి, నాలుగో దిక్కు వాగు వదిలేసింది. చాటలో మిగిలిన గింజల్లాగా ఇళ్ళు. ఇప్పపూల వాసన పైదాకా వచ్చింది. ఇంత దూరం బావ ఎవరికోసం తొక్కాడో తెలియదు గాని, ఎవరూ లేకున్నా ఇది చూడడానికి రావచ్చని నాకు అనిపించింది. ఈ మాట నీకు కోపం తెప్పిస్తుందని తెలుసు.

దిగుడులో గంట నేను కొట్టకుండానే మోగుతూ పోయింది. కిందికి వచ్చేసరికి ఊరంతా బయట ఉంది. ఊరి నడుమ గుండ్రంగా తొక్కి తొక్కి గట్టిపడిన జాగా ఒకటి ఉంది, దాని మీద ఈ ఏడు పెండ అలకలేదు, గడ్డి లేస్తున్నది.

కాటమయ్య అనే పెద్దమనిషి నులకమంచం వేశాడు. ఆయన భార్య వెంకటనర్సమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నీ ఈడు మనిషి. దశదినం నాడు వచ్చింది ఈమేనని చూడగానే తెలిసింది. నీళ్ళు తాగి సూటిగా అడిగాను.

"అక్కా, మా బావకు ఈ ఊర్ల ఎవరన్న ఉన్నరా?"

కాటమయ్య తల వంచుకున్నాడు. "బాపుకు మాటిచ్చినం" అన్నాడు, బావను ఇక్కడ అట్లాగే పిలుస్తారు.

"బాపే పోయినంక మాట ఎవనికి కావలి?" అన్నది ఆమె. "ఆయన సైకిలు ఇంటి ముంగటికచ్చి నిలవడ్డది. ఇంకెవరికి చెప్తవు?"

అటక మీద నుంచి ఒక మూట దించింది. అందులో సవరం జడ, గజ్జెలు, ముక్కుపుల్ల అతికే మైనం.

"మీరు దేవులాడేటి ఆడామె గిదే. తక్కిన సామాను మీ చెల్లె తాన ఉన్నది."

నాకు అర్థం కావడానికి ముందే నా చెయ్యి మీసం లేని పెదవి మీదికి పోయింది.

చిరుతల రామాయణం మన చిన్నప్పుడు చిల్పూరులో చూశాం కదా, చేతుల్లో చిరుతలనే చెక్కతాళాలు వాయించుకుంటూ గుండ్రంగా తిరిగి పాడి ఆడతారు, ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. కాటమయ్య ఆ ఆట నేర్పే పంతులు. అరవై తొమ్మిది ఎండకాలంలో, సీత వేషం కట్టేవాడు రాముడితో పంచాయితీ పెట్టుకొని అత్తగారి ఊరికి పోయాడట. ఆట ఆగిపోయింది. అదే రోజు బావ సైకిలు ముల్లు గుచ్చుకొని ఈ ఊరి ముందు కూర్చుంది. బావ ట్యూబు విప్పి పంక్చరు వేసుకుంటున్నాడు. కాటమయ్య సీత పాట ఒక వరస తానే పాడి, రెండో వరస మరచిపోయాడు. సొల్యూషన్ ఆరేలోపల, తల ఎత్తకుండానే, బావ ఆ రెండో వరస అందుకున్నాడు.

"పటేలా, చిరుతలు పడ్తవా?" అని ఈయన అడిగాడు.

"మానుకోటోళ్ళు ఎవరన్న ఈడికి వస్తరా?" అని ఆయన అడిగాడు.

రారంటే, అప్పుడు లేచాడు. చిన్నప్పుడు ఆటగాళ్ళ వెంట తిరిగినందుకు మీ మామ ఆయన చిరుతలు పొయ్యిలో పెట్టాడట, పటేలు కొడుకు ఆడవేషం కడితే పదిమందిలో మొహం ఎట్లా చూపిస్తానని. నీకు తెలుసా ఇది? నాకు తెలియదు. నా పేపరు ముక్కల్లో ఎక్కడా రాలేదు.

ఇంటామెకు చెప్పరాదా అని వెంకటనర్సమ్మ ఏటేటా అడిగేదట. "ఆమె నవ్వితే మల్ల ఆడలేను" అన్నాడట. కుచ్చిళ్ళు గింత సక్కగ ఎవరు నేర్పిండ్రు బాపూ అంటే, "ఇంట్ల" అన్నాడట. నువ్వు రాసింది చదవకపోతే ఈ మాట నాకు మాటగానే పోయేది. అందుకే చెప్పవద్దన్నా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఆ చీర బావ కొన్నది కాదు, కాటమయ్య గురువు నాటిది. సీత కట్టేవాడే దాన్ని ఉతికి, కర్పూరం పెట్టి ఏడాదంతా కాపాడాలి. వేషం మానేటప్పుడు తన చేత్తో తరువాతివాడి భుజం మీద వేసి, ఆట నడవాలె అనాలి. వేషగాడు పోతే అతని ఇంటి ఆడమనిషి వేయాలి. ఇంకో చీర కొని కడితే సరిపోదా అంటే, నేనేదో తప్పు మాట అన్నట్టు చూశారు. భూపాలపల్లి అంగట్లో చావు కబురు విని వెంకటనర్సమ్మ దశదినానికి వచ్చింది ఇది అడగడానికే. "ఆమె నా మొకం జూసిన తీరుకు నోరు రాలే" అన్నది. ఈ ఏడు చిరుతలు దూలానికి వేలాడుతున్నాయి. శ్రీరామనవమి లోపల చీర రాకపోతే ఈ ఊళ్ళో ఆట లేదు.

చీర ఉన్నదా? బేసినైపోయిందా? నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ధైర్యం చాలలేదు.

మోకాలు గుమ్మడికాయలాగా వాచింది. సైకిలు ఇక్కడే వదిలి, రేపు వెదురు లారీలో పోయి బస్సెక్కి జనగామ చేరుతాను. అక్కడికి రాయి, తొందరగా.

కొండల్

*

మానుకోట.

అన్నకు,

చీర ఉన్నది. బేసిన్ కూడ ఉన్నది.

ఆ రోజు ఇచ్చేసిన మాట నిజం. తెల్లారి నీళ్ళు పట్టుకుందామని బేసిన్ ముంగటేసుకుంటే చెయ్యి ఆడలే. అరుణను తీసుకొని స్టీలు సామాన్ల ఆమె దిగిన సత్రం కాడికి పోయిన. నా పెండ్లి నాటి పట్టుచీర ఆమె చేతుల పెట్టి గిది తెచ్చుకున్న. "అమ్మా, నీది కొత్తగున్నది, గిది పాతది, నష్టపోతవు" అన్నది. పోనియ్యి అన్న. ఎందుకు తెచ్చుకున్ననో అప్పుడు నాకే తెలవదు. నీ ఉత్తరం అటెనుక వచ్చింది.

చదివి ముందుగాల నవ్విన. గంటసేపు నవ్విన. అరుణ పరేషానయ్యింది. ఆ వెనుక ఏడుపు కాదు, కోపం వచ్చింది, ఇంక పోతలేదు. ఆడమనిషి ఉంటే కొట్లాడేదాన్ని, సీతమ్మతోని ఎట్ల కొట్లాడాలె? పదకొండేండ్లు. ఊరు తెలియని మంగలికి తెలుసు, హోటలాయనకు తెలుసు, తండాల రొట్టె చేసే ఆమెకు తెలుసు. నాకు తెలవదు. నేను నవ్వుత అనుకున్నడట. నవ్వుతుండె కావచ్చు. నవ్వి, ముందట వరసల పోయి కూసుంటుంటి. నన్ను అడిగి చూసిండా?

కుచ్చిళ్ళ సంగతి నాలుగుమార్లు చదివిన.

ఫొటో లేపి నిలవెట్టిన. దండ వెయ్యలే. కోపం పోయినంక చూస్త.

పోవాల్నా వద్దా నువ్వే చెప్పు. పెద్దోనివి. పోతే, ఆయన దాచుకున్నదాన్ని నేను పోయి పదిమందిల బయటవెట్టినట్టే. పోకుంటే, మా మామ చిరుతలు పొయ్యిల పెట్టినట్టే నేను పెట్టినట్టు. నవమికి ఎన్నో దినాలు లేవు.

రాజమణి

*

జనగామ.

రాజమణీ,

కార్డు మీద చోటు లేదు, కాబట్టి సలహా రాయడం లేదు. దారి మాత్రం రాస్తాను. వరంగల్ల దాకా రైలు, ములుగు మీదుగా భూపాలపల్లి బస్సు. అక్కడ పొద్దున ఉప్పు బండి బూరుగులవాగు పోతుంది. గుట్టల సందులో బండి దిగి ఒకసారి నిలబడు. మోకాలు తగ్గలేదు. మీసం వస్తున్నది, తెల్లగా.

కొండల్

*

బూరుగులవాగు.

అన్నకు రాజమణి రాసేది.

నీ రోగం నాకు అంటుకున్నది, ఎక్కడ మొదలువెట్టాల్నో తెలుస్తలేదు. పోదామా వద్దా అని నేను అనుకుంటుండంగనే అరుణ సంచి సదిరింది. బస్సుల నా పక్క ఆమె కోడిపుంజును ఒడిల పెట్టుకొని ములుగు దాక నిద్రవోయింది, పుంజు నన్ను చూసుకుంట కూసున్నది. చెల్పూరు కాడ బస్సు ఆగితే వేపచెట్టు కింద నీ కట్టయ్యను చూసిన. సైకిలు లేకుంట వచ్చిన కాబట్టి నన్నేమీ చెయ్యలే.

గుట్టల సందుల దిగి నిలవడ్డ. చాట అని రాసినవు, నిజమే. అరుణ "నాయిన గిది చూడనీకే వచ్చిండు" అన్నది. నేను అప్పటిదాక ఆయన ఎవరికోసం వచ్చిండు అనే అనుకున్న గని, దేనికోసం అని అనుకోలే.

ఊళ్ళెకు పోతె వెంకటనర్సమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. అటెనుక ఆమెనే అన్నది.

"ఆ దినం నీ వాకిట్ల నీళ్ళు తాగకపోతి. తాగితే అడిగేదాన్నేమో."

"అడిగితే ఎల్లగొట్టేదాన్ని" అన్న.

"గందుకే తాగలే" అన్నది. ఇద్దరం నవ్వినం.

ఆ గుండ్రపు జాగ అలికి ముగ్గు పెట్టిండ్రు. చిరుతలు దూలం మీదికెంచి దించిండ్రు. సీత కట్టేది వెంకన్న అనే పిలగాడు, తాళ్ళెక్కి కల్లు గీస్తడు, పెండ్లి కూడ అయ్యింది, మాట బయటికి రాదు. చీర ఆయన భుజం మీద వేసి నేను ఆ మాట అనాలె. అందరు నిలవడ్డరు. చీర మడత విప్పి మల్ల పెట్టిన. కాటమయ్య మెల్లగ, "అవ్వా, తొందర లేదు" అన్నడు. చీర వెంకన్న భుజం మీద వేసిన. అప్పుడన్న, ఆట నడువాలె అని. కోపం అంత ఆ మాట ఎనుకనే ఉండె, బయటికి రాలే.

వెంకన్నకు చీర కట్టుకోరాదు. ఎవలో కట్టవోతుంటే ఆగుమన్న. కుచ్చిళ్ళు నేనే పోసిన. తలుపు కాడ మొగోళ్ళందరు నిలవడి చూస్తుంటే, చూడుండ్రి, మల్ల విప్పి పోస్త అన్న. విప్పి మల్ల పోసిన. ఈసారి సిగ్గువడలే.

గాజులు వానికి పెద్దగున్నయి. బక్కచెయ్యి, చిరుతలు కొడుతుంటే జారిపోతున్నయి. కొత్తయి తెద్దామన్నరు. వద్దన్న. దారం తెప్పించి ఒక్కొక్క గాజుకు లోపల చుట్టి తొడిగిన.

సైకిలు వెంకటనర్సమ్మ ఇంటి కొట్టంల ఉన్నది. ఆట మొదలయ్యే ముందు కాటమయ్య దాని గంట కొట్టమన్నడు, నేను కొట్టిన. పొద్దు గుంకకముందే సురూ చేసిండ్రు. నేను, అరుణ ముందట వరసల కూసున్నం. వెంకన్నకు మొదటి పాట తప్పింది, రెండోది మంచిగ పాడిండు.

నడుమల వాన వచ్చింది. అందరం కొట్టంలకు ఉరికినం. చీర అంచు తడిసింది. తెల్లారినంక దండెం మీద ఆరేసిన.

రాజమణి